రెండు నెలల బడి, ఒక ఎర్ర నక్షత్రం



ఈ నెల మీరూ మీ పిల్లలూ కలిసి చదువుకోవడానికి ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ జీవితం.

బర్నార్డ్ 1857లో అమెరికాలోని నాష్‌విల్‌లో పుట్టారు. ఆయన పుట్టకముందే తండ్రి చనిపోయారు. ఇల్లు గడవడమే కష్టం. బడికి వెళ్లింది మొత్తం రెండు నెలలు, మిగతా చదువంతా తల్లి దగ్గరే. తొమ్మిదేళ్లు నిండకుండానే ఫొటో స్టూడియోలో పనికి కుదిరారు. అప్పట్లో ఫొటోలు పెద్దవి చేయడానికి ఎండే ఆధారం. మేడ మీద ఉన్న భారీ కెమెరాను సూర్యుడు కదిలే కొద్దీ చేత్తో తిప్పుతూ ఉండాలి. అంతకుముందు ఆ పనికి పెట్టిన కుర్రాళ్లు నిద్రపోయేవారట. ఈ పిల్లవాడు నిద్రపోలేదు.

పెద్దయ్యాక ఏడాది జీతంలో మూడింట రెండొంతులు పెట్టి టెలిస్కోప్ కొన్నారు. 1877లో ప్రసిద్ధ ఖగోళవేత్త సైమన్ న్యూకూంబ్‌ను కలిస్తే, ముందు గణితం నేర్చుకోమని చెప్పి పంపారు. మార్కుల షీట్ చూసి మూతి ముడుచుకున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, బర్నార్డ్ ఎంత బాధపడి ఉంటారో మీకు తెలుసు. కానీ ఆయన ట్యూటర్‌ను పెట్టుకుని గణితం మొదలుపెట్టారు. కొత్త తోకచుక్కకు 200 డాలర్ల బహుమతి ఉండేది. ఇంటి అప్పు వాయిదాలు చాలావరకు తోకచుక్కలే తీర్చాయి!

1892లో కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో గురుగ్రహపు ఐదో చందమామను కనుగొన్నారు. గెలీలియో చూసిన నాలుగింటి తర్వాత, 282 ఏళ్లకు దొరికినది అదే.

1916లో ఆయన యెర్క్స్ అబ్జర్వేటరీలో తీసిన ఫొటోలో ఒక మసక చుక్క కనిపించింది. 1894 నాటి పాత ఫొటో ప్లేటుతో పోల్చి చూస్తే ఆ చుక్క చాలా దూరం జరిగింది. ఆకాశంలో అంత వేగంగా జరిగే నక్షత్రం మరొకటి లేదు. మనకు ఆరు కాంతి సంవత్సరాల దూరంలోని ఎర్ర మరుగుజ్జు నక్షత్రం అది. ఇప్పుడు దాని పేరే బర్నార్డ్ నక్షత్రం. ఆయన 1923లో కన్నుమూశారు.

ఆ నక్షత్రానికి గ్రహాలున్నాయా? 1963లో పీటర్ వాన్ డి కాంప్ ఉందన్నారు. వేల ఫొటోల్లో నక్షత్రం ఊగుతున్నట్టు ఆయనకు కనిపించింది. పదేళ్ల తర్వాత మరో బృందం వేరే టెలిస్కోపుల ప్లేట్లు పరిశీలిస్తే ఆ ఊగు కనిపించలేదు. ఆయన టెలిస్కోప్ లెన్స్‌ను సవరించినప్పుడల్లా ఇతర నక్షత్రాలూ అలాగే జరిగినట్టు తేలింది. 2018లో ప్రకటించిన మరో గ్రహమూ తర్వాతి పరిశీలనల్లో నిలవలేదు. నక్షత్రం మీది మచ్చలు కూడా గ్రహంలా భ్రమ కలిగిస్తాయి మరి.

2024లో చిలీలోని పెద్ద టెలిస్కోప్‌తో ఒక గ్రహాన్ని గట్టిగా పట్టుకున్నారు. అది లాగడం వల్ల నక్షత్రం కదిలే వేగం సెకనుకు అర మీటరు. మీ చిన్నారి తప్పటడుగుల వేగమంత! 2025లో హవాయిలోని మరో టెలిస్కోప్ డేటా కూడా జోడించి చూస్తే గ్రహాలు నాలుగని తేలింది. నాలుగూ భూమి కన్నా తేలికైనవే. వాటిలో ఏడాదంటే మన వారం రోజులు కూడా ఉండదు.