కులపతి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

కాకినాడలోని పిఠాపురం రాజావారి కళాశాల పేరు వినని తెలుగువారు అరుదు. ఆ కళాశాలకు ఆ పేరు తెచ్చిన ప్రిన్సిపాలు సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. లోకము వారిని బ్రహ్మర్షి అన్నది, కులపతి అన్నది. కులపతి యనగా శిష్యులకు అన్నము పెట్టి చదువు చెప్పువాడని పెద్దలు చెప్పుదురు. నాయుడుగారి విషయమున ఇది బిరుదు కాదు, ఉన్నమాట.

వారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. దండు ఎచ్చటికి పోయిన సంసారము అచ్చటికి పోవలసినదే గదా! అందుచేత బాల్యము కొంత ఉత్తరాదిని చాందాలోను, కొంత హైదరాబాదులోను గడచినది. ఉర్దూ, పారశీకములు చిన్ననాడే పట్టువడినవి. పిమ్మట మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరిరి. అచ్చట ప్రిన్సిపాలు డాక్టరు మిల్లరు దొరగారు. శిష్యుని బాగోగులు గురువు ఎట్లు కనిపెట్టి యుండవలెనో ఆయనయొద్ద కన్నులార చూచిరి. మద్రాసు దినములలోనే బ్రహ్మసమాజము వైపు మనసు తిరిగినది. ఒక్కడే దైవము, మనుష్యులందరు సమానులు అను నమ్మకము అప్పటినుండి కడవరకు సడలలేదు.

1889లో వారి భార్య మరణించెను. అప్పటికి నాయుడుగారికి సుమారు ఇరువదియేడేండ్లు. ఆ రోజులలో భార్య పోయిన మగవానికి ఏడాది తిరుగకముందే మరల పెండ్లి చేయుట ఇంటింట ఉన్న ఆచారము. కాని భర్త పోయిన పదేండ్ల పిల్లకు మాత్రము జీవితమంతయు వైధవ్యమే. నాయుడుగారు మరల పెండ్లి మాట తలపెట్టలేదు. ఆనాటినుండి తలపాగా మొదలు క్రిందివరకు తెల్లని దుస్తులే ధరించిరి. తెల్లని వస్త్రము సాధువుల గుర్తుగా ఎరిగిన మనవారికి ఇది వింతగా తోచదు. అయితే వారు సాధువు కాలేదు. ఉద్యోగము చేసిరి, ఇల్లు నడిపిరి, బిడ్డలను పెంచిరి. ఇంటిలో ఇల్లాలు లేకుండ ఏబదియేండ్లు గృహస్థుగా బ్రదుకుట సన్న్యాసము కంటె కష్టమైన పని.

మద్రాసులోను, మచిలీపట్టణము నోబుల్ కళాశాలలోను పాఠములు చెప్పుచు, వారు వేశ్యల మేళములకు ఎదురు తిరిగిరి. పెండ్లికి భోగము మేళము లేనిదే పరువు లేదని ధనికులు తలచుచున్న కాలమది. మన వర్తకుల యిండ్లలోను ఈ దుబారా తక్కువగా లేదు. లెక్కల పుస్తకములో దమ్మిడీ తేడా వచ్చిన నిద్రపోని వారే మేళమునకు వందలు కుమ్మరించిరి. నాయుడుగారు మేళము పెట్టు పెండ్లికి పోగూడదని చెప్పిరి. వీరేశలింగము పంతులుగారును ఇదే దారిని నడిచిరి. వృత్తి పోయిన ఆ స్త్రీల జీవనోపాధి మాట ఆ ఉద్యమమువారు చాలినంత ఆలోచింపలేదని నేటి చరిత్రకారులు కొందరు అందురు. అందులో న్యాయము లేకపోలేదు.

1899లో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలై సుమారు ఐదేండ్లు పనిచేసిరి. అటుపిమ్మట 1904-05 ప్రాంతమున కాకినాడకు వచ్చిరి. 1919 వరకు అక్కడనే యుండిరి. వారి జీవితములో చెప్పుకొనవలసిన కాలము ఇదియే.

పిఠాపురం రాజా సూర్యారావు బహద్దరువారు నాయుడుగారి నెడ గురుభావము కలవారు. ప్రిన్సిపాలు ఆలోచన, రాజావారి ధనము కలిసినందున కాకినాడలో అనాథ శరణాలయము, బ్రహ్మమందిరము వెలసినవి, హరిజన విద్యార్థులకు వసతి కుదిరినది. ధనమున్నవాడును, దానిని ఎచ్చట పెట్టవలెనో తెలిసినవాడును ఒక ఊరిలో కలియుట అరుదు. నాయుడుగారు తమ జీతమును దాచుకొనలేదు. అందులో పెద్దభాగము బీద విద్యార్థుల ఫీజులకు, భోజనములకు పోయెడిది. అంటరానివారని ఊరు వెలివేసిన బిడ్డలను తమ ఇంటనే పెట్టుకొని పెంచిరి. ఆ బిడ్డలు ఊరి బావిలో నీరు తోడుకొనుటకు వీలులేని దినములవి. పేరున్న కళాశాల ప్రిన్సిపాలు ఇంట అట్టి పిల్లలు తిరుగుట చూచి ఎందరు ముక్కుమీద వ్రేలు వేసికొనిరో మనము ఊహించుకొనవచ్చును. భార్యాబిడ్డలు లేని యిల్లు ఇట్లు పిల్లలతో నిండినది.

ఆడపిల్లలను కళాశాలలో చేర్చుకొని, మగపిల్లలతోపాటు ఒక్క తరగతిలో కూర్చుండబెట్టినదియు వారే. నేడు బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీలో కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగువారి ఇండ్లనుండి ఆడపిల్లలు మగపిల్లలు ఒక్క బస్సు ఎక్కి చదువుకు పోవుచున్నారు, కంపెనీలలో ప్రక్కప్రక్కనే పనిచేయుచున్నారు. ఎవరికిని అది విశేషముగా తోచుట లేదు. నూరేండ్లకు పైబడిన ఆ నాటి ఆంధ్రదేశములో వయసు వచ్చిన కూతురును మగపిల్లల కళాశాలకు పంపుటకు తండ్రికి గుండెనిబ్బరము కావలెను. అచ్చట నాయుడుగారు ఉన్నారన్న ధైర్యముతోనే పంపి యుందురు. ప్రిన్సిపాలు నడత మచ్చలేనిది కానిచో ఆ పని సాగెడిది కాదు.

వారి ప్రభావమున పడిన యువకులు పలువురు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఒకరు, చలంగారు ఒకరు. చలంగారు తరువాత వ్రాసిన వ్రాతలు గురువుగారి నీతికి చాల దూరము పోయినవి. అయినను కులము, ఆచారము అను కట్టుబాట్లను ప్రశ్నింపవచ్చునను ధైర్యము ఆయనకు కొంత కాకినాడ గాలిలో అబ్బినదనుట తప్పు కాదు.

తరువాతి పదవుల సంగతి క్లుప్తముగా చెప్పినను చాలును. మద్రాసు శాసనసభలో సభ్యులుగా ఉండిరి. 1924లో సర్ బిరుదు వచ్చినది. 1925 మొదలు 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరుగా పనిచేసిరి. ఎంత పెద్ద పదవిలో ఉన్నను ఆ తెల్లని దుస్తులు మారలేదు, సాయము కోరి వచ్చిన విద్యార్థికి తలుపు మూయలేదు.

1939 మే 26వ తేదీన నాయుడుగారు పరమపదించిరి. 1884లో మొదలైన ఆ కళాశాల నేడు ప్రభుత్వ కళాశాలగా కాకినాడలో నడచుచున్నది.