మన జిల్లా కె.వి. రెడ్డి: సినిమా బడి లేని రోజుల్లో సినిమా నేర్చినవాడు

మన బడిలో చదువుకున్నవాళ్ళలో మాయాబజార్ చూడనివారు ఉండరనే అనుకుంటాను. పంట బాగా వచ్చిన ఏడు ఊళ్ళోకి పాత సినిమా వస్తే బండ్లు కట్టుకుని వచ్చి చూసేవారు. పంట పోయిన ఏడు కూడా ఎలాగో చూసేవారు. ఘటోత్కచుడి ముందు లడ్లు వాటంతట అవే లేచి నోట్లోకి పోతుంటే, ఇదెలా తీశారని మరుసటి రోజు బడిలో వాదించుకున్నవాళ్ళం మనం. ఆ సినిమా తీసిన మనిషి మన జిల్లావాడని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆయన జీవితం రాయాలనిపించడానికి అదొక కారణం. రెండో కారణం చివర్లో చెబుతాను.

కదిరి వెంకటరెడ్డి 1912 జూలై 1న తాడిపత్రిలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. తల్లి పెంపకంలో పెరిగారు. అప్పట్లో మన ప్రాంతాన్ని దత్తమండలం అనేవారు. పెద్ద చదువు కావాలంటే రైలెక్కి మద్రాసు పోవాల్సిందే. వెంకటరెడ్డి అలాగే వెళ్ళి ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి పట్టా తీసుకున్నారు. అది సర్కారు కాలేజీ, ప్రజల పన్నుల మీద నడిచేది. తండ్రి లేని తాడిపత్రి పిల్లవాడికి కాంతి, కటకం, ధ్వని గురించి చెప్పింది ఆ కాలేజీయే. సినిమా గురించి మాత్రం అక్కడ చెప్పేవారు లేరు. ఆ రోజుల్లో సినిమాను చదువుగా ఎవరూ లెక్కపెట్టలేదు. చదువుకున్న ఇళ్ళలో ఆ మాటెత్తితే మొహం తిప్పుకునేవారు.

పట్టా చేతికొచ్చాక ఆయన సినిమాలోకి వచ్చింది దర్శకుడిగా కాదు, డబ్బు లెక్కలు రాసే క్యాషియరుగా. 1938లో రోహిణి సంస్థ తీసిన గృహలక్ష్మికి ఆ పని చేశారు. తర్వాత బి.ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి కలిసి వాహినీ సంస్థ పెట్టినప్పుడు అందులో చేరి నిర్మాణ వ్యవహారాలు చూశారు. 1939లో వందేమాతరం, 1940లో సుమంగళి, 1941లో దేవత వచ్చాయి. ఆ మూడు సినిమాల కాలమే ఆయనకు విద్యాభ్యాసం. ఏ సెట్టుకు ఎంత కర్ర పడుతుంది, ఒక రోజు షూటింగు ఆగితే ఎంత నష్టం, ఎంత ఫిల్ము వృథా అవుతోంది అన్నవి లెక్కల పుస్తకంలో నేర్చుకున్నారు. కెమెరా, కూర్పు, కథనం పక్కన నిలబడి చూసి నేర్చుకున్నారు. పరీక్ష లేదు, పట్టా లేదు, జీతం మాత్రం ఉంది.

ఇక్కడ ఆగి మూలా నారాయణస్వామి గురించి చెప్పాలి. ఆయనదీ తాడిపత్రే. వ్యాపారం చేసే కుటుంబం. వెంకటరెడ్డికి చిన్ననాటి స్నేహితుడు. క్యాషియరు దర్శకత్వం చేస్తానంటే ఏ సంస్థ అయినా సందేహిస్తుంది, వాహినీలోనూ సందేహాలు వచ్చాయి. అప్పుడు వెంకటరెడ్డికి అండగా నిలబడింది నారాయణస్వామి. అలా తయారైన భక్త పోతన 1943 మొదట్లో విడుదలైంది. పోతనగా చిత్తూరు నాగయ్య గారు నటించారు. సినిమా గొప్పగా ఆడింది. క్యాషియరు వెంకటరెడ్డి దర్శకుడు కె.వి. రెడ్డి అయ్యారు.

ఆ తర్వాత 1947లో యోగి వేమన. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి దగ్గరే కదా, ఇంటిపేరులో కదిరి ఉన్న మనిషి ఆ సినిమా తీయడం మన సీమవాళ్ళకు ముచ్చటైన విషయం. 1949లో గుణసుందరి కథ. 1951లో విజయా సంస్థకు పాతాళ భైరవి. 1952 జనవరిలో భారత ప్రభుత్వం బొంబాయిలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిపినప్పుడు దక్షిణాది నుంచి పాతాళ భైరవి అక్కడ ప్రదర్శించబడింది. 1954లో వచ్చిన పెద్దమనుషులుకు జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం లభించింది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ నాటకం ఆధారంగా డి.వి. నరసరాజు గారు రాసిన కథ అది. ఊరి పెద్దలుగా చెలామణి అవుతూ ఊరినే మోసం చేసేవాళ్ళను ఆ సినిమా బట్టబయలు చేసింది. 1955లో అన్నపూర్ణా సంస్థ మొదటి చిత్రం దొంగ రాముడు. 1957 మార్చి 27న మాయాబజార్.

ఆయన పని చేసే తీరు ఉపాధ్యాయులకు నచ్చుతుంది. స్క్రిప్టు పూర్తిగా సిద్ధం కాకుండా కెమెరా తిప్పేవారు కాదు. ప్రతి సన్నివేశాన్నీ ముందే చదివించి, స్టాప్‌వాచీ పెట్టి ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకునేవారు. దానివల్ల ఎంత ఫిల్ము కావాలో ముందే తెలిసేది. భౌతికశాస్త్రం చదివిన బుర్ర, లెక్కలు రాసిన చెయ్యి రెండూ అందులో కనిపిస్తాయి. మాయాబజార్‌లో లాహిరి పాటకు మనం చూసే వెన్నెలలో ఎక్కువ భాగం స్టూడియోలో మార్కస్ బార్ట్లే కెమెరాతో పుట్టించినది.

ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు తర్వాత పుష్పక విమానం, ఆదిత్య 369 తీశారు. అంటే వాహినీలో తాను ఎలా నేర్చుకున్నారో, అలాగే మరొకరికి నేర్పారు కె.వి. రెడ్డి. ఆ చదువు గొప్పదే. కానీ ఆ గుమ్మం లోపలికి రావడానికి తెలిసినవాళ్ళు ఉండాలి, మద్రాసులో తిండికి, గదికి డబ్బు ఉండాలి.

ఈ లోటు ప్రభుత్వానికి తెలియకపోలేదు. 1945లోనే మద్రాసు సెంట్రల్ పాలిటెక్నిక్‌లో ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం కోర్సులు మొదలయ్యాయి. ఎలక్ట్రికల్, మెకానికల్ పిల్లలతో పాటే కెమెరా పిల్లలూ సర్కారు ఫీజుతో చదివారు. స్వాతంత్ర్యం వచ్చాక ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన వేసిన కమిటీ 1951లో నివేదిక ఇస్తూ, సినిమా నేర్పే సంస్థ ఒకటి, సినిమాకు అప్పు ఇచ్చే సంస్థ ఒకటి ప్రభుత్వమే పెట్టాలని సిఫారసు చేసింది. తొమ్మిదేళ్ళు గడిచాక 1960లో పూణేలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, బొంబాయిలో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ వచ్చాయి. పూణే బడి పాఠ్యాంశాల్లో దొంగ రాముడుకు చోటు దక్కింది. సినిమా బడి గడప తొక్కని మనిషి సినిమా, సినిమా బడిలో పాఠమైంది.

ఆయన చివరి రోజులు అంత సుఖంగా గడవలేదు. 1961లో జగదేకవీరుని కథ విజయవంతమైంది కానీ, 1965లో సత్య హరిశ్చంద్ర, 1968లో ఉమా చండీ గౌరీ శంకరుల కథ ఆశించినట్టు ఆడలేదు. అవకాశాలు తగ్గాయి. మాయాబజార్ తీసిన మనిషికే పెట్టుబడి కరువైంది. 1971లో ఎన్.టి. రామారావు గారి సంస్థకు శ్రీకృష్ణ సత్య తీసి మళ్ళీ విజయం చూశారు. అదే చివరి చిత్రం. 1972 సెప్టెంబరు 15న మద్రాసులో కన్నుమూశారు.

ఇక రెండో కారణం. కె.వి. రెడ్డికి మూడు దొరికాయి. సర్కారు కాలేజీలో చదువు, పనిచేస్తూ నేర్చుకునే చోటు, మొదటి సినిమాకు వెనక నిలిచిన స్నేహితుడు. మొదటిది ఈ రోజు మన పిల్లలకూ ఉంది. మిగతా రెండూ అదృష్టాన్ని బట్టే. ఉరవకొండలో పెళ్ళిళ్ళకు వీడియో తీసే కుర్రాళ్ళు ఉన్నారు. సెల్‌ఫోనుతో చిన్న సినిమాలు తీసి చూపించేవాళ్ళున్నారు. మగ్గం మీద చీరెలో పువ్వు తీసే నేర్పు ఉన్న ఇళ్ళ పిల్లలు వాళ్ళు. వాళ్ళకు మూలా నారాయణస్వామి వంటి స్నేహితుడు ఉండడు. ఆ స్థానంలో నిలబడాల్సింది ప్రజాధనమే.

తాగునీటికే కరువున్న చోట సినిమా చదువుకు డబ్బా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే మన కరువు మీద తీసిన డాక్యుమెంటరీలలో ఎన్నింటిని మనవాళ్ళు తీశారు? బయటివారు వచ్చి ఎండిన చెరువు, వలస పోయిన ఇంటి తాళం తీసుకుని పోతారు. వాన కోసం చేసే పూజలు, పెన్నహోబిలం జాతర, వేరుశనగ కల్లంలో రాత్రి కబుర్లు మనకే తెలుసు. 1945లో మద్రాసు పాలిటెక్నిక్‌లో సాధ్యమైన కోర్సు ఇప్పుడు మన జిల్లా పాలిటెక్నిక్‌లో ఎందుకు సాధ్యం కాదు? కోర్సు పూర్తిచేసిన ప్రతి జట్టుకూ ఒక చిన్న సినిమా తీసుకునే ఖర్చు ఇస్తే, ఆ నష్టం ప్రభుత్వానికి పెద్దది కాదు.

మన సంఘంలో ఇంజనీర్లు, అధికారులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు ఉన్నారు. ఈ మాట అడగాల్సిన చోట అడగగలవాళ్ళు ఉన్నారు. అంతవరకూ మనం చేయగలిగింది ఒకటి ఉంది. ఏటా ఒక సాయంత్రం మన బడి ఆవరణలో తెర కట్టి కె.వి. రెడ్డి సినిమా ఒకటి పిల్లలకు చూపిద్దాం. ఈయన తాడిపత్రివాడని, క్యాషియరుగా మొదలుపెట్టాడని మనమైనా వాళ్ళకు చెబుదాం.