మూగజీవుల ఋణం

హైదరాబాదు నుండి పడమరగా సాగే దారిలో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నడుమ మొయినాబాద్, దానికి ఆవల చేవెళ్ళ ఉన్నాయి. కూరగాయల మళ్ళు, పూలతోటలు నిండిన ఈ నేలపై కుక్క ఒకప్పుడు చేనికి కాపలా. నేడు ఎన్నో ఇళ్ళలో, ఫాంహౌసులలో అది కుటుంబంలో ఒకటి. అయితే నీరు, పచ్చదనం ఉన్నచోట దోమలు, పిడుదులు కూడా ఉంటాయి. దోమకాటు వల్ల కుక్క గుండెలో చేరే పురుగులు, పిడుదుకాటు వల్ల నెత్తురులో చేరే సూక్ష్మక్రిములు దాని ప్రాణాన్ని హరించగలవు. ఈ రెండు వ్యాధుల చికిత్సా చరిత్రలోనూ ఒక తెలుగు శాస్త్రవేత్త కృషి ఉన్నది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. పేదరికం, తండ్రి అనారోగ్యం ఆయన బాల్యాన్ని కలతపెట్టాయి. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. స్ప్రూ అనే వ్యాధి సోదరుని బలిగొన్నది. వ్యాధిని జయించాలన్న పట్టుదల ఆయనలో నాటుకున్నది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించి, దాతల సాయం, మామగారి అండతో అమెరికా చేరుకున్నారు.

బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేస్తూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధులను గురించి చదివారు. అనంతరం అక్కడే సైరస్ ఫిస్క్‌తో కలిసి పరిశోధించి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల రహస్యాన్ని ఛేదించడంలోనూ వారి పాత్ర గొప్పది. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనలకు సారథి అయ్యారు. రక్తహీనతను, స్ప్రూను నయం చేసే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది.

రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు దోమకాటు వల్ల ఫైలేరియా సోకింది. మన దేశంలో బోదకాలుగా అనాదిగా పీడించిన వ్యాధే అది. మందు కోసం సాగిన అన్వేషణలో సుబ్బారావు బృందం డైఇథైల్‌కార్బమజీన్ అనే రసాయనాన్ని కనుగొన్నది. దానికి హెట్రజాన్ అని పేరు. అది పనిచేస్తుందని తెలిపినవి మూగజీవులే. సహజంగా ఆ జాతి పురుగులు సోకిన ఎలుకలపై, కుక్కలపై దానిని పరీక్షించి, ఫలితాలను 1947లో వెల్లడించారు. తర్వాత అది కోట్ల మందికి బోదకాలు నుండి రక్షణనిచ్చింది.

కుక్కకు మనిషి పడిన ఋణం అంతటితో మిగిలిపోలేదు. అదే మందును రోజూ ఇస్తే దోమ ద్వారా వచ్చిన హార్ట్‌వర్మ్ పిల్లపురుగులు గుండెకు చేరకముందే నశిస్తాయని తెలిసింది. కొన్ని దశాబ్దాలపాటు అది పెంపుడు కుక్కలను కాపాడింది. అయితే అప్పటికే నెత్తురులో పిల్లపురుగులున్న కుక్కకు దానిని ఇస్తే ఒక్కసారిగా ప్రాణాపాయం కలుగవచ్చు. అందువల్ల ముందు రక్తపరీక్ష తప్పనిసరి అయింది. 1980ల చివరినుండి నెలకొకసారి ఇచ్చే మందులు దాని స్థానంలోకి వచ్చినా, పరీక్ష తర్వాతే మందు అన్న నియమం మాత్రం మారలేదు.

సుబ్బారావు పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. పిడుదుల వల్ల కుక్కలకు వచ్చే జ్వరానికి పశువైద్యులు నేడు ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే. ఆరియోమైసిన్ లోకానికి పరిచయమైన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావు అమెరికాలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్ళు. స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఎదురుచూపు ఫలించలేదు. నోబెల్ బహుమానం లభించలేదు. భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతి సందర్భంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది.

ఆయన జీవితం నుండి జంతువును పెంచదలచినవారు గ్రహించవలసినది ఒకటున్నది. మందు ఎంత గొప్పదైనా, దానిని తెలిసి వాడినప్పుడే మేలు చేస్తుంది. అందాన్ని చూసి చలిదేశపు దట్టమైన బొచ్చు కుక్కను తెచ్చి తెలంగాణ ఎండకు వదలడం కంటే మన వాతావరణానికి అలవాటుపడిన నాటు కుక్కను ఎన్నుకోవడం మంచిది. చురుకైన చూపు, శుభ్రమైన ముక్కు, ఉత్సాహం ఉన్న పిల్లను, తల్లివద్ద కనీసం ఎనిమిది వారాలు గడిపిన తరువాతనే తెచ్చుకోవాలి. మూడు నెలల వయస్సులో రేబీస్ టీకా వేయించి, పిదప పశువైద్యుని సలహామేరకు కొనసాగించాలి. నీరు నిలవ ఉండకుండా చూడాలి. పిడుదులను తీసివేస్తుండాలి. మనుషుల మాత్రలను స్వయంగా ఇవ్వరాదు.

చేవెళ్ళలో చేనికి కావలి కాసే కుక్కకూ, మొయినాబాదులో పిల్లలతో ఆడుకొనే కుక్కకూ ఈ శ్రద్ధ సమానంగా అవసరం. మనకోసం మందును పరీక్షించుకొన్న జీవి ఋణం తీర్చుకొనే మార్గం అదే.