కూల్డ్రే దొరగారు

బడులలో వార్షికోత్సవములు, మన సండేస్కూళ్లలో పిల్లల పండుగలు సమీపించినప్పుడెల్ల ఏదో యొక యింట ఇట్టి సంగతి జరుగుచునే యుండును. నెల దినములు ఇంటివద్ద చక్కగా పాడిన బిడ్డ, రేపు వేదిక యెక్కవలెననగా కడుపునొప్పి యని మంచము దిగడు. తండ్రి గద్దించును. తల్లి జాలిపడి ఈ యేటికి మానిపింతమనును. ఈ రెండు త్రోవలు గాక మూడవది యొకటి కలదు. ఆ త్రోవను నడచిన యొక ఉపాధ్యాయుని కథ ఈ నెల చెప్పుకొందము. గోదావరి ప్రాంతపు పాతతరమువారు ఆయన పేరు బాగుగా ఎరుగుదురు.

ఆస్వాల్డు కూల్డ్రే 1882లో జన్మించెను. ఇంగ్లాండులో థేమ్సు నది యొడ్డుననున్న ఆబింగ్డను ఆయన ఊరు. ఆ ఊరి బడిలోను, పిమ్మట ఆక్సుఫర్డులోని పెంబ్రోకు కళాశాలలోను చదివి, విద్యాశాఖ ఉద్యోగియై మన దేశమునకు వచ్చెను. 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరము ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండెను. ఒక నది యొడ్డున పెరిగినవాడగుటచే కాబోలు, మన నదిని కూడ తనదిగానే చేసికొనెను. 1920లో వెలువరించిన తన పద్యముల పుస్తకమునకు థేమ్సును గోదావరిని జతపరచి పేరు పెట్టెను.

ఆ దినములలో కళాశాల యనగా పరీక్షలు, పట్టము, ఆపైని సర్కారు ఉద్యోగము. బొమ్మలు గీయుట చదువునకు అడ్డమని తలంచిన యిండ్లే మెండు. (నేటి యిండ్లు అంతకంటె చాల మారినవని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.) ప్రిన్సిపాలనిన పిల్లలకు భయము, అందును దొర యనిన మరింత భయము. అట్టి దొర తానే కుంచె పట్టిన చిత్రకారుడు. బొమ్మలయందు ఆసక్తిగల పిల్లలను చేరదీసి, వారితోకూడ గోదావరి గట్టునకు పోయి చిత్రములు వేయుట నేర్పెడివాడు. అట్లు ఆయన చేరదీసినవారిలో భీమవరము ప్రాంతపు అడివి బాపిరాజు ఒకడు, కవికొండల వెంకటరావు ఒకడు. 1897లో రాజమహేంద్రవరమున పుట్టిన దామెర్ల రామారావు మరియొకడు. ఈ రామారావునకు పాఠములకన్న పెన్సిలు ప్రియము.

రామారావు పిరికివాడని నేననను. అయినను పిరికి పిల్లలు గలవారు ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను. బెదరు బిడ్డకు భయము పాటను గూర్చి కాదు, బొమ్మను గూర్చియు కాదు. తనపై నిలిచిన కన్నులను గూర్చి. పెద్దవాడు ప్రక్కన కూర్చుండి తానును అదే తాటిచెట్టును గీయుచున్నప్పుడు ఆ కన్నులు బిడ్డమీద లేవు, చెట్టుమీద నున్నవి. పెద్దవాని కాగితముమీద సైతము రంగు చెదరుట, గీత తప్పుట బిడ్డ చూచును. నా నోరు మాంద్యము గలదని మోషే వెనుదీసినప్పుడు అతని పని తప్పిపోలేదు, అహరోను తోడుగా వచ్చెను. మన యిండ్లలో చేయవలసినదియు ఇంతే. వేదిక మానిపింపనక్కర లేదు, మెట్లవరకు చేయిపట్టుకొని నడచి ప్రక్కనే నిలిచిన చాలును. ఈ యేట గుంపులో పాడనిండు. మరుసటి యేట ఇద్దరిలో ఒకడుగా పాడునేమో చూతము.

కూల్డ్రేకు వినికిడి క్రమముగా తగ్గిపోవుచుండెను. తరగతిలో చెవి మందగించిన ఉపాధ్యాయునికి ఎంత యిబ్బందియో చెప్పనక్కరలేదు. మాట వినబడకపోయినను కలసి చేయగల పని బొమ్మయే గదా, అందుకే ఆయన పిల్లలకు అంత చేరువ కాగలిగెనని నాకు తోచును.

ఆయన రామారావును గోదావరి గట్టుననే ఉంచివేయలేదు. అజంతా గుహలు చూపించెను. 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పంపించెను. పందొమ్మిదేండ్ల వాడు, ఊరు గాని ఊరు, భాష గాని భాష. మూడేండ్లు గడచినవో లేదో, 1919లో చెవుడు ముదిరి కూల్డ్రే ఉద్యోగము విడిచి స్వదేశమునకు వెళ్లిపోయెను. ఇక ఆ దొర అండ దూరమాయెను. అయినను రామారావు 1920లో చదువు ముగించెను. బొంబాయిలో నిలిచిపోక రాజమహేంద్రవరమునకు తిరిగివచ్చి అచ్చటనే చిత్రకళాశాల నెలకొల్పెను. తాను పొందినదానిని తన దగ్గర చేరిన పిల్లలకు ఇచ్చెను. ఆయన భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. ఆడువారు బొమ్మలు వేయుట అరుదైన కాలమది! 1924లో ఇంగ్లాండునందలి వెంబ్లీ ప్రదర్శనమునకు ఆయన చిత్రములు వెళ్లెను.

1925 ఫిబ్రవరి 6న మశూచికము ఆయనను తీసికొనిపోయెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లైన నిండలేదు.

గురువు శిష్యుని తరువాత ముప్పదిమూడేండ్లు జీవించెను. దక్షిణ హిందూదేశమున గడపిన దినములను గూర్చి 1924లో ఒక గ్రంథము ప్రచురించెను. ఆబింగ్డనులో నీటిరంగుల చిత్రములు వేయుచు, వ్రాయుచు కాలము గడపి 1958లో మరణించెను. రాజమహేంద్రవరములో దామెర్ల రామారావు పేరిట నున్న చిత్రశాలలో శిష్యుని చిత్రములు నేటికిని చూడవచ్చును. ఈసారి ఆ ఊరు వెళ్లినప్పుడు పిల్లలను కూడ తీసికొనిపొండు, వెంట నొక పెన్సిలును కాగితములును ఉంచుకొనుడు. కాగితములు మీకొకటి, వారికొకటి.