రుడాల్ఫ్ డీజిల్: పల్లీ నూనెతోనూ నడిచిన ఇంజిన్.. నడి సముద్రంలో మాయమైన ఇంజినీర్!

డీజిల్ అంటే బంకులో కొట్టించుకునే ఆయిలే కదా అనుకుంటాం. కానీ అది ఓ మనిషి ఇంటిపేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మన్లు. 1870లో యుద్ధం రావడంతో కుటుంబం లండన్ వెళ్లిపోయింది. 12 ఏళ్ల రుడాల్ఫ్‌ను చదువు కోసం జర్మనీలోని బంధువుల ఇంటికి పంపేశారు.

అప్పట్లో ఆవిరి ఇంజిన్లదే రాజ్యం. కానీ బొగ్గు వేడిలో దాదాపు 90 శాతం వృథా! ఆ వృథాను తగ్గించాలన్నదే డీజిల్ పట్టుదల. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుంది. అందులోకి ఇంధనం పంపితే స్పార్క్ లేకుండానే మండుతుంది. ఇదే ఆయన ఐడియా. టెస్టుల్లో ఓసారి పేలుడు జరిగి ప్రాణాపాయం తప్పింది. 1893 ఆగస్టు 10న ఇంజిన్‌లో తొలిసారి ఇంధనం మండింది. 1897 నాటికి సామర్థ్యం 26 శాతానికి చేరింది.

1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఓ డీజిల్ ఇంజిన్ పల్లీ నూనెతో నడిచింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మొక్కల నూనెలకు మంచి భవిష్యత్తు ఉందని డీజిల్ మాత్రం నమ్మారు.

పేరొచ్చినా అప్పులు వదల్లేదు. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్లే ఓడలో భోజనం చేసి క్యాబిన్‌కు వెళ్లారు. తెల్లారేసరికి లేరు. పది రోజులకు సముద్రంలో శవం దొరికింది. ఆత్మహత్యా, హత్యా? ఇప్పటికీ తేలలేదు.

ఆగస్టు 10 ఇప్పుడు వరల్డ్ బయోఫ్యూయెల్ డే. బజ్జీలు వేయగా మిగిలిన నూనె కూడా నేడు బయోడీజిల్‌గా మారుతోంది. ఆయన నమ్మకం నిజమైంది. చూడ్డానికి ఆయనే లేరు.