వీణలో కోయిల

వీణ అనగానే తెలుగువారికి గుర్తొచ్చే పేరు చిట్టిబాబు. 1936లో కాకినాడలో పుట్టారు. పసితనంలోనే వీణ పట్టి, తర్వాత ఈమని శంకరశాస్త్రిగారి శిష్యులయ్యారు. కీర్తనలతోపాటు కోయిల కూతనూ తీగలపై పలికించారు. ఆ రికార్డులు విన్నవారు రెండు పక్షాలయ్యారు. అది సంగీతం కాదు, గారడీ అని కొందరు పెదవి విరిచారు. వీణ జోలికే రాని సామాన్యులను దగ్గరకు పిలిచింది ఆ కోయిలే అని మరికొందరు వాదించారు. 1996లో ఆయన కన్నుమూసినా వాదం ఆగలేదు.

మొన్న మన ఝపటాపూర్ పిల్లలకు ఆ కోయిలను వినిపించాం. తెలుగు రానివారు కూడా పిట్ట కోసం కిటికీవైపు చూశారు. తర్వాత ఆయనదే రాగాలాపన పెట్టాం. సగంమంది ఆవులించారు. ఒక పాప మాత్రం మళ్లీ వినిపించమంది. కోయిల పిలవకపోతే ఆ పాప ఆలాపనదాకా వచ్చేదా అని మేము ఆలోచనలో పడ్డాం.