పగిలిన పింగాణీతో పేరు గడించిన స్మశాన కూలీ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో పింగాణీ గిన్నె పగిలితే పెంటదిబ్బ పాలే. ఫ్రాన్సు దేశంలోని షార్త్ర్ పట్టణంలో రేమోన్ ఇసిడోర్ అనే బీదవాడు ఆ పెంకులతోనే పేరు గడించారు.

1900లో పుట్టిన ఆయన ఫౌండ్రీలోనూ, ట్రాముల దగ్గరా పనిచేసి, చివరకు స్మశానం ఊడ్చే కూలీగా కుదిరారు. తన చేతులతో కట్టుకున్న చిన్న ఇంట్లో భార్యతో, ఆమె పిల్లలతో కాపురముండేవారు. 1938 ప్రాంతంలో ఒకనాడు పొలాల దారిన పెంకులు తళతళలాడగా ఏరి తెచ్చుకున్నారు. వాటిని సిమెంటులో పొదగడం మొదలెట్టారు. గోడలు, నేల, మంచం, పొయ్యి, ఆఖరుకు భార్య కుట్టుమిషను సైతం పెంకులతో నిండిపోయాయి! ఆ ఇల్లాలి ఓర్పునూ మెచ్చుకోవలసిందే. లోపల జాగా చాలక తోటలోకి దిగి, ఊరి పెద్ద చర్చి రూపును, ఒక సింహాసనాన్ని, సమాధిని నిర్మించారు.

ఇరుగుపొరుగువారు పిచ్చివాడన్నారు. పికాసియెత్ అని ఎగతాళి పేరు పెట్టారు. చిత్రకారుడు పికాసో పేరుకు పళ్లెం అనే మాట కలిపిన పేరది. పిలవని విందుకు వచ్చేవాడన్న అర్థమూ అందులో ధ్వనిస్తుంది. ఆయన పని మానలేదు.

1964లో కన్నుమూశారు. ఆయన స్మశానం ఊడ్చిన ఊరి పురపాలక సంఘమే 1981లో ఆ ఇంటిని కొన్నది. 1983లో అది చారిత్రక కట్టడమైంది. ఇంటి పేరు మాత్రం ఆ ఎగతాళి పేరే.